పూజకి కొన్న మిషను

నా చిన్నప్పుడు జంషెడ్‌పూర్‌లో, మా బర్మామైన్స్ గల్లీలో విశ్వకర్మ పూజ అంటే పెళ్లి సందడే. ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. చిన్నాచితకా కాంట్రాక్టర్లంతా షెడ్లు కడిగి, మిషన్లకి బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసేవారు. ఈ ఏడు ఎవరు కొత్తగా ఏం కొన్నారో చూడ్డానికి జనం షెడ్డు షెడ్డుకీ తిరిగేవారు. మా బాబాయి కూడా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనులు చేసేవాడు. నలుగురూ తన గురించి గొప్పగా చెప్పుకోవాలన్న యావ ఆయనకి కాస్త ఎక్కువే.

ఊళ్లోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. కాంట్రాక్టర్ల బిల్లులు కంప్యూటర్లో చేసిచ్చే దుకాణం పెడదామనుకున్నాడు బాబాయి. నడపడానికి మా పక్కింటి అక్క ఉండనే ఉంది. కంప్యూటర్ కోర్సు చేసింది, టైపు కొడుతుంటే వేళ్లు కనపడేవి కావు. వాళ్ల నాన్న రిటైరవుతున్నాడు, క్వార్టర్ ఖాళీ చేయాలి. దుకాణం నిలబడితే ఇక్కడే ఓ గది అద్దెకి తీసుకుని అమ్మానాన్నల్ని ఉంచుకుంటుంది. లేకపోతే ముగ్గురూ పలాస దగ్గర వాళ్ల ఊరికి పోవాల్సిందే. అక్క పుట్టిందీ పెరిగిందీ జంషెడ్‌పూర్‌లోనే. ఆమెకి ఇదే ఊరు.

అన్నిటికంటే వేగమైన ప్రాసెసర్ ఉన్న కంప్యూటరే కొంటానన్నాడు బాబాయి. మామూలుది కొని, మిగిలిన డబ్బుతో మంచి ప్రింటర్ తీసుకోమంది అక్క. ఆయన వినిపించుకోలేదు. ఓ ఆదివారం అక్క మమ్మల్ని టిఫినుకి పిలిచింది. నన్నూ మా చెల్లినీ పూరీలు వత్తమంది. మేం పోటీలు పడి వత్తేశాం. స్టవ్ మీదేమో చిన్న మూకుడు, అందులో ఒక్కొక్కటే వేగుతోంది. వత్తినవన్నీ పళ్లెంలో ఎండిపోతున్నాయి. బాబాయి ఖాళీ కంచం ముందు కూర్చుని ఆవులిస్తున్నాడు.

"ఏటమ్మా, ఇంకా అవ్వలేదా?" అన్నాడు.

"పిల్లలెంత బేగి వత్తినా మూకుడు ఒక్కటే కదా బాబాయ్. నువ్వు కొంతానన్న మిషనూ ఇంతే. అది లెక్క టక్కున సేసేత్తాది. కాయితం మీదకి అచ్చు దిగొద్దా?" అంది అక్క.

బాబాయి పగలబడి నవ్వాడు. పూరీలు బాగున్నాయని మారు వేయించుకుని మరీ తిన్నాడు. వెళ్తూ వెళ్తూ, "కొంతే సబ్ సే తేజ్, అన్నిటికన్నా జోరైందే కొనాల. పూజ నాడు నలుగురూ సూడొద్దేటి?" అన్నాడు.

పూజ నాటికి మిషను వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నేనూ పొంగిపోయాను. దండ వేసిన ఆ పెట్టెని చూడ్డానికి పక్క బస్తీల నుంచి కూడా జనం వచ్చారు. ప్రింటర్ మాత్రం ఎవరో వాడి వదిలేసినది. దాన్ని ఓ మూలన పెట్టారు.

మర్నాటి నుంచి మొదలయ్యాయి తిప్పలు. అక్క చిటికెలో బిల్లు తయారుచేసేది. ప్రింటర్ మూలుగుతూ ఒక్కో వరసే కొట్టేది, మధ్యలో కాగితం నమిలేసేది. కాంట్రాక్టర్లకి ప్రతి బిల్లూ నాలుగైదు కాపీలు కావాలి, అదీ ఆఫీసు కౌంటర్ మూసేలోగా. "జల్దీ కరో" అంటూ గుమ్మంలో నిలబడి నిలబడి, చివరికి రోడ్డవతల పాత టైపు మిషన్ల దగ్గరికే పోయేవారు. కొత్త ప్రింటర్ కొందామంటే బాబాయి దగ్గర చిల్లిగవ్వ మిగల్లేదు. పాపం, అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చలికాలం వెళ్లేసరికి దుకాణం మూతపడింది.

అక్కా వాళ్లని రైలెక్కించడానికి టాటానగర్ స్టేషనుకి అందరం వెళ్లాం. బాబాయి కిటికీ ఊచ పట్టుకుని, "నీ మాట ఇనుంతే ఎంత బాగుండును తల్లీ" అన్నాడు.

"పర్లేదు బాబాయ్. పూజ బాగా జరిగింది కదా" అంది అక్క.

అది ఎత్తిపొడుపు కాదు. ఆయన్ని ఓదార్చడానికే అంది. అందుకే ఆయన తట్టుకోలేక అక్కడే ఏడ్చేశాడు.

ఆనాటి నుంచి ఏ వస్తువు కొన్నా, రోజంతా దాని ముందు కూర్చునేది ఎవరో, వాళ్లని పిలిచి అడగడం నాకు అలవాటైంది. పిల్లలు చాదస్తం అంటారు. అననీ. మొన్న మా కోడలికి కంప్యూటర్ కొనేటప్పుడు, అన్నిటికన్నా వేగమైనదే కావాలని మావాడు పట్టుబట్టాడు. "ముందు తనని అడగరా" అన్నాను. తన పనికి మామూలుది చాలంది కోడలు. వాడు విన్నాడు. అంతే, అంత చిన్న పని. మా అక్క కోసం ఆ పని చేసినవాళ్లు మా గల్లీలో ఒక్కరూ లేకపోయారు.