నవ్వొద్దని తీయించిన ఫొటో

మొన్న మా పాత సంస్థ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. కొత్తగా చేరినవాళ్లకి ఒక పూట కూర్చుని నాలుగు మాటలు చెప్పాలట, విషయం కమ్యూనికేషన్ స్ట్రాటజీ అట. ఆ మాట విని నాలో నేను నవ్వుకున్నాను. అన్నేళ్లపాటు నేను చేసిన పని పేరు అదేనని నాకు రిటైరయ్యాక తెలిసింది. మా రోజుల్లో ఆ ఉద్యోగాన్ని ఆఫీసులో ప్రచారం చూడడం అనేవారు, ఊళ్లలోనైతే నన్ను కాయితాలంటించే మేడం అనేవారు. వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను గాని, ఏం చెప్పాలా అని కూర్చుంటే స్ట్రాటజీలేవీ గుర్తుకు రాలేదు. ఒక చేపలమ్మే ఆవిడ, ఆవిడ కూతురు గుర్తుకొచ్చారు.

శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరగా ఒక మేడ మీద రెండు గదులు మా ఆఫీసు. బడి మానేసిన పిల్లల్ని తిరిగి బడికి పంపించడం, పనుల్లో పెట్టినవాళ్లని విడిపించడం, చిన్న వయసు పెళ్లిళ్లు ఆపించడం మా సంస్థ పని. ఆ సంగతులు జనానికీ అధికారులకీ పత్రికలవాళ్లకీ ఎలా చెప్పాలి, ఎవరిచేత చెప్పించాలి అన్నది చూడడం నా పని. మాది పాతపట్నం దగ్గర పల్లె. ఇంట్లో మేం మాట్లాడే మాటల్లో ఒడియా ముక్కలు కలిసిపోయి ఉండేవి, కాలేజీలో చేరినప్పుడు తోటి పిల్లలు అది విని నవ్వితే పంతం పట్టి పుస్తకాల తెలుగు నేర్చుకున్నాను. ఆ పంతం ఉద్యోగంలోకీ వెంటవచ్చింది. బాల్యం వికసించాలి, భవిత వెలగాలి అంటూ రాసి, విజయనగరంలో ప్రెస్సులో అచ్చువేయించి, ఇంకా సిరా వాసన పోని ఆ కట్టల్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగివస్తుంటే ఎంత గర్వంగా ఉండేదో మీలో అచ్చు పని చేయించినవాళ్లకి చెప్పక్కర్లేదు. చీపురుపల్లి వచ్చేసరికి బస్సు ఖాళీ అయి కిటికీ పక్క సీటు దొరికేది, అక్కడ కట్ట విప్పి పైకాగితాన్ని మళ్లీ ఒకసారి చూసుకునేదాన్ని. ఆ మాటలు ఎవరికి అర్థమవుతున్నాయో మాత్రం ఎవరినీ అడగలేదు.

ఒక ఏడాది దసరా వెళ్లాక విశాఖపట్నంలో మాకు పెద్ద సభ ఖాయమైంది. దానికి ముందే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక వాల్‌పోస్టరు వెయ్యాలనుకున్నాం. చూసినవాళ్ల గుండె కరగాలి, అలాంటి ఫొటో కావాలి అని నేనే పట్టుబట్టి, ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని ఒక ఆదివారం సముద్రం ఒడ్డున ఉన్న పల్లెకి వెళ్లాను. ఇసకలో ఎండబెట్టిన చేపల్ని తిరగేస్తూ పదేళ్ల పిల్ల కనిపించింది. భుజం దగ్గర చిరిగిన గౌను, ఎండకి రాగిరంగు తిరిగిన జుట్టు, నేను ఏ బొమ్మ కోసం వెతుకుతున్నానో సరిగ్గా ఆ బొమ్మ. తల్లి చేపల గంప ఎత్తుకుని ఊళ్లమ్మట తిరగడానికి వెళ్లిందని చెప్పింది. కెమెరా చూడగానే ఆ పిల్ల ముఖమంతా నవ్వు అయిపోయింది. నవ్వకమ్మా, అన్నాను నేను. పెద్దవాళ్లు ఏదైనా చెబితే వినే పిల్ల కాబట్టి వెంటనే నవ్వు ఆపేసి, ఏం తప్పు చేశానా అన్నట్టు నా వంక చూసింది. ఫొటోగ్రాఫరు ఆ చూపుని పట్టాడు. పేరొక్కటే అడిగి, బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి వచ్చేశాను. బడికి వెళ్తున్నావా అని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు, ఎందుకంటే జవాబు నాకు ముందే తెలుసనుకున్నాను.

నా బడి ఎక్కడ, అని ఆ ఫొటో కింద పెద్ద అక్షరాలతో అచ్చువేయించాను. పాతపట్నం నుంచి విజయనగరం దాకా బస్‌స్టాండుల్లో, సంతల దగ్గర, సినిమా హాళ్ల పక్క గోడల మీద అంటించారు. పత్రికలవాళ్లు మెచ్చుకున్నారు. విశాఖపట్నం సభలో దాన్నే వేదిక వెనక కట్టాలనుకున్నాం.

ఓ పదిరోజులకేమో, మధ్యాహ్నం వేళ ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. చేపల గంప కింద మెట్ల దగ్గర దించి వచ్చినట్టుంది, చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. చుట్టి చంకలో పెట్టుకున్న కాగితం తీసి నా బల్ల మీద పరిచింది. మా పోస్టరే. మూలలు గాని మధ్యన గాని ఎక్కడా చిరగలేదు.

"ఇది నా కూతురమ్మా. ఐదో తరగతి సదువుతన్నాది. లెక్కల్లో దాని తరవాతే ఎవులైనా అని మేస్టారే సెప్పినారు. మీరేటి ఇలగ రాసీసినారు?"

ఆవిడకి చదువు రాదు, సంతలో ఎవరో చదివి వినిపించారట. ఈలోగా బడిలో పిల్లలు ఆ అమ్మాయిని చుట్టుముట్టి నా బడి ఎక్కడ, నా బడి ఎక్కడ అని ఆటపట్టించడం మొదలుపెట్టారు. వారం నుంచి ఆ పిల్ల ఇల్లు కదలడం లేదు.

"బడికెల్లమని మీరు కాయితం ఏసినారు. ఆ కాయితం సూసి నా పిల్ల బడి మానీసినాది," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

ఇంత జాగ్రత్తగా ఎలా ఊడదీశావమ్మా అని, ఏం అడగాలో తెలియక అడిగాను. నీళ్లు జల్లి, నానేదాకా కూర్చుని, గోటితో మెల్లగా లేపిందట. "సింపీడానికి సెయ్యి రానేదు. బిడ్డ మొకం గదా," అంది.

మా సంస్థ పెద్దాయన రిటైరైన హెడ్మాస్టరు. సాయంత్రం ఆయనకి జరిగిందంతా చెప్పాను, నవ్వకమ్మా అన్న మాటతో సహా. సభ పది రోజుల్లో ఉంది. పోస్టర్లు తీసేస్తే చూపించడానికి మా దగ్గర ఏమీ మిగలదు, చెప్పిన సంగతి అబద్ధమని బయటపడితే సాయం చేసేవాళ్లు మరి మా మాట నమ్మకపోవచ్చు. నన్ను తిడతారనుకున్నాను, ఉద్యోగం మానేయమంటారనీ అనుకున్నాను. ఆయన మాత్రం, "ఎక్కడెక్కడ అంటించినారో అన్నీ తియ్యాలి. నువ్వొక్కర్తివీ ఎన్నని తీస్తావు, నేనూ వస్తాను," అన్నారు.

మర్నాటి నుంచి ఐదు రోజులు మేమిద్దరం, మా ఆఫీసు అటెండరమ్మ, ఒక ఆటో. రెండు బకెట్లు, పాత చీరపేలికలు. చింపేస్తే ఒక్క రోజులో అయిపోయే పని. కాని ఆ తల్లి మాట విన్నాక మాలో ఎవరికీ చింపడానికి చెయ్యి రాలేదు. గోడ తడిపి, మైదా జిగురు నానేదాకా ఆగి, ఒక మూల నుంచి లేపుకుంటూ రావడమే. చీపురుపల్లి స్టేషను బయట పంచె ఎగ్గట్టి గోడ తుడుస్తున్న పెద్దాయన్ని చూసి ఆయన పాత శిష్యుడెవరో గుర్తుపట్టి, ఏటి మేస్టారూ ఇది, అని ఆశ్చర్యపోతే, తప్పు రాసినాన్రా, దిద్దుకుంటన్నాను, అన్నారు. తప్పు నాది. ఆ మాట సరిచేయబోతే కళ్లతోనే వద్దన్నారు. పాతపట్నంలో మా వాళ్లెవరైనా చూస్తారేమోనని నేను తలవంచుకుని పని చేశాను, చూశారు కూడా. ఆ సిగ్గు ఎలా ఉంటుందో తెలిశాక, పదేళ్ల పిల్ల దాన్ని వారం రోజులు ఎలా మోసిందా అనిపించింది.

ఊడదీసిన కాగితాలన్నీ ఎండబెట్టి, కట్టగట్టి, ఆ ఇంటికి తీసుకెళ్లి తల్లికి అప్పగించాం. ఆవిడ వాటిని ఏం చేసిందో నేనెప్పుడూ అడగలేదు. ఆ పిల్ల లోపల గోడకి ఆనుకుని కూర్చుంది, నా వంక చూడలేదు. ఆ పిల్ల ముందు నేల మీద కూర్చుని, అడగకుండా రాశాను, నాదే తప్పమ్మా అన్నాను. పోస్టర్లన్నీ తీసేశామని కూడా చెప్పాను. అప్పుడు తలెత్తింది.

"తీసీస్తే సరిపోద్దేటి? అబద్దం అంత పెద్దచ్చరాలతోటి రాసినారు గదా. నిజం కూడా అలగే రాయండి."

ఏం రాయమంటావు, నువ్వే రాసి ఇవ్వు, అన్నారు పెద్దాయన. లెక్కల పుస్తకంలోంచి కాగితం చింపి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, పక్కకి వాలిన అక్షరాలతో రాసింది. నాను ఐదో తరగతి సదువుతన్నాను. మా ఈదిలో ముగ్గురు బడికి రాటం నేదు. ఆళ్లు కూడా వస్తే నాకు తోడు ఉంటాది. తప్పులు దిద్దబోయి కలం తీసిన నా చెయ్యి నాకే పరాయిగా కనిపించి, కలం మళ్లీ సంచిలో పెట్టేశాను.

ఫొటో లేదు, నా పదాలు లేవు, ఆ పిల్ల చేతిరాతనే ఉన్నదున్నట్టు పెద్దది చేయించి అచ్చువేశాం, తల్లినీ కూతుర్నీ అడిగి, పేరు వేయకుండా. విశాఖపట్నం సభలో అదే కట్టాం, దాని వెనక కథంతా పెద్దాయన దాచకుండా చెప్పారు. కొందరు మొహం చిట్లించారు, ఒకరిద్దరు ఆ తర్వాత మాకు దూరమయ్యారు కూడా. ఊళ్లలో మాత్రం నేనెప్పుడూ చూడనిది చూశాను. సంతకొచ్చిన ఆడవాళ్లు గోడ దగ్గర ఆగి, చదువొచ్చినవాళ్లని పిలిచి చదివించుకున్నారు. మా మాటలాగే ఉన్నాదే, అంది ఒకావిడ. అన్నేళ్ల నా రాతలకి అలాంటి మెప్పు ఒక్కసారీ దక్కలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు బడికొచ్చారు. మూడో పిల్లకి అప్పటికే పెళ్లి కుదిరిపోయింది, మేం ఎంత తిరిగినా ఆపలేకపోయాం. ఆ సంగతి ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.

రాసిన పిల్ల తిరిగి బడికి వెళ్లింది, డిగ్రీ దాకా చదివింది, ఇప్పుడు తీరంలోనే ఇంకో ఊళ్లో గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. తల్లి చాలా ఏళ్లు మా వీధికి చేపలు తెచ్చేది. మంచివి ఏరి నాకు పెట్టేది, ఆ పోస్టరు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. క్షమించిందో, మరిచిపోయిందో, రెండూ కాక ఊరుకుందో నాకు తెలియదు. ఆవిడ పోయిందని కూతురు ఫోను చేసి చెప్పిన రోజున నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

ఇప్పుడు గోడల మీద పిల్లల బొమ్మలు అంతగా కనిపించవు. ఫోను తెరిస్తే కనిపిస్తాయి. ఏడుస్తున్నవాళ్లు, ఆకలితో ఉన్నవాళ్లు, ఎవరు తీశారో, ఎవరిని అడిగి తీశారో తెలియని పిల్లలు, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి రోజంతా తిరుగుతూనే ఉంటారు. చూసి అయ్యో అనుకుని వేలితో పైకి తోసేస్తాను నేను కూడా. మా తప్పు గోడకి అంటుకుని ఒకచోట నిలబడి ఉండేది. తప్పు చేసిన మనిషి ఎక్కడ కూర్చుంటుందో అడిగి తెలుసుకుని ఒక తల్లి మేడ మెట్లెక్కి రాగలిగింది, రెండు బకెట్ల నీళ్లతో మేం దాన్ని కడుక్కోగలిగాం. ఇప్పుడలాంటి తల్లి గంప దించి ఎవరి మెట్లెక్కుతుంది, ఎవరి బల్ల మీద ఆ బొమ్మ పరుస్తుంది?