గోరంత వీరుడు

కామారెడ్డిలో బట్టల దుకాణంలో రోజంతా నిలబడి చీరలు చూపించడం నా పని. ఒక సాయంత్రం నాతో పనిచేసే అన్న, కొత్త కంప్యూటర్‌లో ఆట చూపిస్తానని ఇంటికి తీసుకెళ్లాడు. రాక్షసుల కోట మీదికి వెళ్లే వీరుడి ఆట. గడ్డిపోచ కూడా నిజంలాగే కదులుతోంది. అంతా వీరుడి కళ్లతోనే చూడాలి. కోట ఉన్న కొండ సగం ఎక్కేసరికి నాకు తల తిరిగింది.

"గింత మంచి బొమ్మ నీ ఫోన్ల వస్తదా?" అన్నాడు.

"రాదన్నా. కానీ ఈడ నేనే నడుస్తున్నట్టుంది. పొద్దటిసంది కాళ్లు గుంజుతున్నయి."

"నాకు గుంజుతలేవా? ఆటలనన్న ఉరుకుదామని ఆడుతున్న."

ఇంటికి వెళ్లే ఎల్లారెడ్డి బస్సులో నా పాత ఫోన్ తీశాను. అందులో నేను ఆడే ఆటలో వీరుడు పైనుంచి గోరంత కనిపిస్తాడు. ఆ రోజు అతణ్ణి యుద్ధానికి పంపలేదు. సత్రంలో పడుకోబెట్టి, నేనూ కిటికీకి తల ఆనించాను.