పెద్ద డాక్టరుగారి కోటు జేబు

మందులు సరిగ్గా వేసుకోని రోగుల గురించి పాఠం చెప్పాలంటే పెద్ద డాక్టరుగారి తర్వాతే ఎవరైనా. మెడ కాస్త వంచి, చేతులు నలుపుకుంటూ, "ఈ ఒక్క పూటే మర్చిపోయానండీ" అని రోగిలా నటిస్తే మెడికల్ విద్యార్థులు పగలబడి నవ్వేవారు. ఇంట్లో మాత్రం ఆయన తన బీపీ మాత్రను రోజూ అట్టలోంచి తీసి, టిఫిన్ తిన్నాక వేసుకుందామని కోటు జేబులో పడేసుకునేవారు. తిన్నాక మాత్ర ఊసే గుర్తుండేది కాదు. అట్టలు ఖాళీ అవుతున్నాయి కదా అని భార్య నిశ్చింతగా ఉండేది. ఇన్ని మాత్రలకీ బీపీ దిగడం లేదేమిటా అని బుర్ర గోక్కుని, డోసు పెంచుకున్న మహావైద్యుడూ ఆయనే.

ఆ రోజు నటన మంచి రసపట్టులో ఉండగా చెమట తుడుచుకుందామని జేబురుమాలు లాగారు. దాంతోపాటే నూగు పట్టిన మాత్రలు బల్లమీద జలజలా రాలాయి. ముందు బెంచీ అమ్మాయి ఒకటి తీసి చూసి, "మా నానమ్మ వేసుకునే బీపీ మాత్రలే సార్ ఇవి! మీవా?" అంది.

ఆయన మెడ దానంతటదే వంగింది. చేతులు నలుపుకుంటూ, "ఈ ఒక్క పూటే మర్చిపోయానమ్మా" అన్నారు.

క్లాసు క్లాసంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇంత సహజమైన నటన సినిమాల్లో కూడా చూడలేదట వాళ్ళు.