గుమ్మం దాకా నడిచిన వాదన

నిన్న సాయంత్రం మెట్రోలో నా పక్కన కూర్చున్న పెద్దాయన మోకాలికి నొప్పుల నూనె రాసుకుని వచ్చినట్టున్నాడు. ఆ కర్పూరపు ఘాటు ముక్కుకు తగలగానే సుగుణ ఆంటీ గొంతు వినిపించింది: "లే బాబూ, పడుకుని వాదిస్తే ఎవడు వింటాడు?"

మయూర్ విహార్‌లో మా ఎదురు ఫ్లాట్ ఆమెది. భీమవరం వైపు నుంచి వచ్చి, ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైన క్రైస్తవురాలు. నేను కేంద్ర ప్రభుత్వోద్యోగిని. సెలవు రోజుల్లో హేతువాద సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. స్కూటర్ ప్రమాదంలో నా తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది, డాక్టర్లు నడవమన్నారు. నేను నడవలేదు. మళ్లీ పడతానన్న భయం. ఇలాగే ఉంటే కాలు బిగుసుకుపోతుందని వాళ్లు హెచ్చరించినా మంచం దిగలేదు. నా భార్య వసంత బతిమాలి బతిమాలి విసిగిపోయి ఆంటీని పిలిచింది.

ఆమె రోజూ సాయంత్రం వచ్చి కాలికి నూనె రాసి, మోకాలు వంచి చాపించేది. ఆ నొప్పికి నా నోరు ఊరుకునేది కాదు.

"ఇదంతా పరలోకంలో సీటు కోసమేగా ఆంటీ? నా కాలు మీకు రిజర్వేషన్ టికెట్టు."

"సీటు ఆయన ఎప్పుడో ఇచ్చేశాడయ్యా. టికెట్టు చేతిలో పెట్టుకుని మళ్లీ క్యూలో నిలబడే పిచ్చిదాన్నా? వంచు, వంచు."

ప్రతిఫలం ఆశించే భక్తిని చీల్చి చెండాడడం నాకు బాగా తెలుసు. పరలోకం ముందే ఉచితంగా దొరికిందని నమ్మే మనిషి మీద ఆ కత్తి పనిచేయలేదు. మర్నాడు కొత్తది నూరాను.

"సరే, నాకు సేవ చేస్తే మీకు సంతోషం. అదీ స్వార్థమే."

"అచ్ఛా! సంతోషమే కావాలంటే సాకేత్ మాల్‌లో ఏసీలో తిరగనా, నీ చేత తిట్లు తింటానా?" వంటింట్లోంచి వసంత పకపకా నవ్వింది. ఆంటీ నవ్వలేదు. "నీ బాగు కోరాను కాబట్టే నువ్వు బాగుపడితే సంతోషం. నువ్వు తిరగేసి చదువుతున్నావు."

ఓడిపోతున్నానని తెలిసి ఒకరోజు నేరుగా ఆమె దేవుడి మీదికే వెళ్లాను. "సిలువ మీద చనిపోయినా మూడో రోజు లేచాడంటారుగా. అంటే ఆయనకీ లాభమే!"

ఆమె చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "లేచాక కూడా చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి బాబూ. లాభం చూసుకునేవాడైతే ముందు వాటిని మాన్పుకునేవాడు."

"అది ఆధారం కాదు, కథ!" అని అరిచాను.

"ఏంటీ? వినపడట్లేదు."

ఒళ్లు మండిపోయింది. వేలు చూపిస్తూ మంచం దిగాను. మంచం పట్టె వదిలాను, గోడ వదిలాను. ఆమె ఎదురుగా నిలబడి "కథ అంటున్నా!" అన్నాను.

వసంత గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ, నడిచారు!"

ఆంటీ కళ్లు మెరిశాయి గానీ గొంతు మారలేదు. "ఠీక్ హై, ఇప్పుడు వినపడింది. మంచం దాకా వెళ్తూ మళ్లీ చెప్పు."

ఆంటీ ఇప్పుడు లేదు. నేను నడిచాక కూడా ఆమె ఒక్కసారైనా నన్ను చర్చికి రమ్మనలేదు. నేను దేవుణ్ణి నమ్మనూ లేదు. కానీ నిస్వార్థమంటే 'నేను' చచ్చిపోవడమనుకునేవాణ్ణి. ఆమెలో 'నేను' నిండుగా బతికే ఉంది. దానికి కొత్తగా సంపాదించుకోవలసింది ఏమీ మిగల్లేదు, అంతే. అందుకే ఆ చేతులు తీరిగ్గా నా కాలికి దొరికాయి. హేతువాది అడిగేది ఆధారం. నాకది ఆంటీలో దొరికింది. సభలో ఎవరైనా "నిస్వార్థం అనేదే లేదు" అని బల్ల గుద్దితే, వెనక వరసలోంచి లేచి, వేదిక దాకా నడిచి వెళ్లి మరీ జవాబు చెబుతాను.