పుత్తూరు కట్టు, కప్పల సైన్యం

ఈ పొద్దు వానకి మా మెట్లమీదికి ఒక కప్ప ఎగిరొచ్చింది. చిన్నప్పుడు పాకాల్లో మన బొమ్మకార్డులాట గుర్తుండాదా అప్పా?

కుడిచెయ్యి విరిగి పుత్తూరు కట్టుతో నేను ఇంట్లో కూర్చోనుంటే, చూసేకి వచ్చిన మన ఆటపిల్లోళ్లంతా కట్టుకి పూసిన గుడ్డుసొన వాసనకి ముక్కు మూసుకోని, వాళ్లకి పనికిరాని కప్ప కార్డులు నాకిచ్చి పోయినారు. పనిలేక వాటికింద చిన్నక్షరాలు చదివినాను. కప్ప పక్కన కప్ప చేరేకొద్దీ అన్నిటికీ బలం పెరుగుతుందంట!

కట్టు విప్పకముందే ఆటకి పోయినాను. డ్రాగన్ కార్డున్న శీనుగాడు, "కప్పలతోనా వచ్చినావు?" అని నవ్వినాడు. ఎడంచేత్తో ఒక్కో కప్పనే పక్కపక్కన పరిచినాను. డ్రాగన్ ఓడిపోయింది! మన అరుపులకి స్టేషన్ కాడ కుక్కలన్నీ లేచినాయి.

"నేనిచ్చిన కప్పల్ని నాకిచ్చెయ్‌రా," అన్నాడు శీను.

"పుత్తూరు పోయి కట్టు కట్టించుకోని రా, ఇస్తా!" అన్నాను.