అక్క చెప్పిన చీరలు

మొన్న మంగళవారం పొద్దున మా అక్క పోయింది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్న మనిషి మళ్లీ లేవలేదు. అక్క అంటే నా తోబుట్టువు కాదు, తోడికోడలు. రాబర్ట్‌సన్‌పేటలో మా బట్టల అంగడికి వచ్చేవాళ్లంతా ఆమెను అక్కా అనే పిలిచేవారు. నన్ను మాత్రం "అక్క తోడికోడలు" అనేవారు. నా కుళ్లు అక్కడే మొదలైంది. మీ దగ్గర దాచడమెందుకు?

షుగరు వల్ల ఆమెకు చూపు పోయినప్పుడు, ఇక అంగడిలో పెత్తనం నాదే అనుకున్నాను. ఏ మాటకామాటే, ఆమె బొట్టు పక్కకు జరిగితే రోజూ సర్దింది కూడా నేనే. బెంగళూరుకూ, చుట్టుపక్కల ఊళ్లకూ వెళ్లిపోయిన పాత గిరాకీలకు కొత్త చీరల గురించి మెయిళ్లు పంపడం మొదలుపెట్టాను. చీర ఫొటో మీదే పేరు, రంగు, నేత అన్నీ పూల అక్షరాల్లో పెట్టి, రెండు రోజులు కూర్చుని చేసేదాన్ని. మొదటిది అక్కకూ పంపాను. ఆమెది పైకి చదివి వినిపించే ఫోను. అది "చిత్రం. చిత్రం. ఇక్కడ నొక్కండి" అని ఊరుకుంది.

"చీర యాడుండాది అమ్మీ?" అంది అక్క. "ఇక్కడంటే యాడ? నొక్కితే ఏమొస్తాది?"

నాకు ఒళ్లు మండింది. "అందరికీ కనపడతా ఉండాది కదక్కా."

"ఆ అందర్లో నేను లేనా?"

ఫొటో వెనక వివరం రాసే చోటు ఒకటుంటుందని తర్వాత తెలుసుకున్నాను. అది కళ్లకు కనపడదు, ఫోను చదువుతుంది. అక్క చీర ఒళ్లో వేసుకుని అంచు తడుముతూ చెబితే నేను టైపు చేసేదాన్ని, చివర "అక్క చెప్పిన చీర" అని పెట్టేదాన్ని. రంగు నన్నే అడిగేది. ఎరుపు అంటే ఒప్పుకునేది కాదు.

"ఏ ఎరుపు? కుంకమా, పండుమిరపకాయా? ముందు చీర చెప్పమ్మీ, మన పొగడ్త ఆనక. వినేవాళ్లకి ఓపిక యాడిది?"

"ఇక్కడ నొక్కండి" తీసేసి "ఈ చీర ధర చూడండి" అని రాయించింది.

ముళబాగిలు నుంచి చూపులేని సంగీతం టీచరమ్మ ఒకామె జవాబు రాసింది. "నా చీర నేనే ఎంచుకునింది ఇదే మొదలు. ఇన్నాళ్లూ కోడలు చెప్పిందే కట్టుకుంటా ఉంటి." ఇంటిల్లిపాదీ అది చదువుకుని అక్కను మెచ్చుకున్నారు. నా పూల అక్షరాల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నాకు కన్ను కుట్టింది. తర్వాతి మెయిల్లో అక్క మాటలు తీసేసి నావి పెట్టాను: "అద్భుతమైన చీర, మీ అందానికి తగినది."

టీచరమ్మ వెంటనే రాసింది. "అక్కగారికి ఒళ్లు బాగలేదా?"

ఆ మెయిలు అక్కకూ వచ్చింది. నేను పక్కనుండగానే ఫోను నా మాటలు చదివింది. అక్క అంతా విని, "ఇంగో చీర తీసుకురా అమ్మీ" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అక్క పోయిందనీ, అంగడి మూశామనీ చెబుతూ నిన్న మెయిలు తయారు చేశాను. అక్క ఫొటో పెట్టాను. వివరం చోటు ఖాళీగా ఉంది, చెప్పే మనిషి లేదు. గంటసేపు కూర్చుని నేనే రాశాను: "పండుమిరపకాయ ఎరుపు చీర, ఆవపూల పసుపు అంచు. వేళ్లు అంచు మీద. మొహం మాట వినపడిన వైపుకు. బొట్టు కొంచెం పక్కకు జరిగింది."

సాయంత్రానికి టీచరమ్మ జవాబు వచ్చింది. "పోతా పోతా అక్కగారు తన వివరం కూడా తానే చెప్పి పోయినట్టుండాది."

రాసింది నేనమ్మా అని టైపు చేశాను. చెరిపేశాను. అక్క కూర్చునే చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఆమె ఫోనుతోనే ఆ వివరం చదివించుకున్నాను. బొట్టు దగ్గరికి వచ్చేసరికి, సర్దడానికి నా చెయ్యి లేచింది.