టైలర్ వదులు చేయనన్న ప్యాంటు

మా వీధి టైలర్ నోట్లో గుండుసూదులు పెట్టుకుని కొలతలు తీస్తాడు. అందుకని ఏమడిగినా "ఊఁ" తప్ప మరో మాట రాదు. ఇరవై ఏళ్లుగా ఎదురింట్లో ఉండి, వాళ్లింట్లో ఏ పూట ఏ కూరో వాసనతోనే చెప్పగల నాకు, పెళ్లికి ముందు అతను ఆసుపత్రిలో ఎందుకున్నాడో మాత్రం అంతుచిక్కలేదు. సూదులు తీశాక అడిగితే "హెర్నియా" అనేవాడు. నేను నమ్మలేదు.

ఆ రోజు దిండు గలీబులు కుట్టించుకుందామని వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. ఇంతలో ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చాడు. ఇరవై ఆరేళ్లు, వచ్చే నెలలో పెళ్లి. ప్యాంటు బల్ల మీద పడేసి, "అన్నా, కాళ్ల మధ్య ఇంకాస్త వదులు చెయ్యవా?" అన్నాడు.

"ఇప్పటికి రెండుసార్లు కుట్లు విప్పాను కదరా! ఒళ్లేమీ చెయ్యలేదే నువ్వు?"

"ఒళ్లు కాదన్నా... ఒక పక్కే ఒత్తుకుంటోంది."

టైలర్ చేతిలో కత్తెర ఆగిపోయింది. నావైపు చూశాడు. నేను సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటించాను. చేతిలో సూదే లేదని తర్వాత తెలిసింది.

"గడ్డలా తగులుతోందా?"

"చిన్నదే. నొప్పి లేదు. ఉంటే ఎప్పుడో చూపించుకునేవాణ్ణి."

"నొప్పి లేకపోవడంతోనేరా చిక్కంతా!"

"పెళ్లయ్యాక వెళ్తాలే అన్నా. తీసేస్తామంటే నేను ఇంకెందుకు పనికొస్తాను?"

టైలర్ గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఒకటి తీసేశారు. వృషణంలో క్యాన్సర్. నీ వయసులోనే. హెర్నియా అని అందరికీ అబద్ధం చెప్పాను. నా ఇద్దరు కూతుళ్లూ ఆ తర్వాత పుట్టినవాళ్లే."

కుర్రాడు నోరు తెరిచాడు. నేనూ తెరిచాను.

"ముందే పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. ఇంత తెలిసీ, వెధవని, రెండుసార్లు ఏమీ అడక్కుండా విప్పి ఇచ్చాను. మూడోసారి విప్పను. నడు, ఆసుపత్రికి!"

"పెద్దమ్మ వింటోందన్నా!"

"విననీ. పిన్నిగారూ, ఇన్నేళ్లు తవ్వారుగా, దొరికింది. ఇక టముకు వేసుకోండి."

"నాకు వేరే పనిలేదా?" అని మూతి తిప్పుకున్నాను గానీ, సాయంత్రానికల్లా మగపిల్లలున్న పదకొండు ఇళ్లు చుట్టబెట్టాను. నెలకోసారి వేడినీళ్ల స్నానం అయ్యాక తడిమి చూసుకోవాలనీ, కొత్తగా గట్టిగానో బరువుగానో అనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలనీ చెప్పాను. ఒకావిడ చెవులు మూసుకుంది. వాళ్లాయన మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఎన్నాళ్లకోసారన్నావు వదినా?" అని మెల్లగా అడిగాడు.

కుర్రాడికి స్కానింగులో అనుమానం వచ్చి, ఒకవైపుది తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. అదృష్టం, ఉన్నచోటు దాటలేదు. పెళ్లి రెండు నెలలు వాయిదా పడింది. పెళ్లికూతురికి వాడే చెప్పాడు. "ఇంతేనా? ఇంకెవరినైనా ప్రేమించావేమోనని హడలిపోయాను" అందట ఆ పిల్ల. నాకెలా తెలిసిందని అడక్కండి.

నిన్న వాడు మూడో నెల పరీక్షకు వెళ్లాడు. ఏమైందో అందరికంటే ముందు కనుక్కుందామని వీధి మొగలో కాచుకున్నాను. బస్సు దిగాడో లేదో, నన్ను దాటుకుని టైలర్ కొట్టుకేసి పరిగెడుతూ, "అన్నా, ఏమీ లేదంట! అంతా శుభ్రంగా ఉందంట!" అని వీధి వీధంతా అదిరేలా అరిచాడు.

వాడు చల్లగా ఉండాలి, అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ కబురు ఇంటింటికీ మోయాల్సింది నేను కదా! ఇప్పుడు ఎవరి గుమ్మం ఎక్కినా, "విన్నాంలెండి" అంటున్నారు.